కొక్కెం లేని గొలుసు

ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ వెనక ఉన్న పేటలో ఏ ఇంటి గోడ మీద పెళ్ళిఫోటో చూసినా పెళ్ళికూతురి మెడలో ఒకటే గొలుసు ఉండేది. శనగగింజంత బంగారు గుండ్లు గుచ్చిన పొడుగాటి గొలుసు, గుండెల కిందిదాకా వేలాడుతూ. పెళ్ళికూతుళ్ళు మారారు, పెళ్ళికొడుకులు మారారు, స్టూడియోలో వెనక కట్టే తెర మీద తాజమహలు పోయి జలపాతం వచ్చింది. గొలుసు మాత్రం అదే. అది మార్తది.

ఒక్క మార్త పెళ్ళిఫోటోలోనే అది లేదు. పెళ్ళయిన వారానికి ఆమే, మొగుడు సొలొమోనూ ఫోటో దిగడానికి బెజవాడ వెళ్ళేసరికి గొలుసు సొలొమోను పెద్దమ్మ కూతురి మెళ్ళో ఉంది. ఆ పిల్ల పెళ్ళి కూడా ఆ వారమే. "ఫోటో ఎప్పుడన్నా దిగొచ్చు, గుళ్ళో గంట ఆగుద్దా" అంది అత్తగారు సంపూర్ణమ్మ. మార్త కొత్త కోడలు. తలూపింది. అక్కడ మొదలైంది.

ఆ గొలుసుని గన్నవరంలో ఉన్న మార్త తల్లి పెళ్ళప్పుడు తన మెడలోంచి తీసి కూతురి మెడలో వేసింది. పేటలో అంతకుముందు అంత పొడుగు గొలుసు ఎవరికీ లేదు. సంపూర్ణమ్మేమో చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరింట పెళ్ళి కుదిరినా ముందు వచ్చి ఆవిడకి చెప్పాలి. చెప్పగానే ఆవిడ నోట వచ్చే మొదటి మాట, "మా కోడలి గొలుసుందిగా, ఇప్పిస్తాలే." తన సొంతానికి వస్తే పిడికెడు ఉప్పు బదులివ్వడానికి కూడా పదిసార్లు ఆలోచించే మనిషి, కోడలి గొలుసు దగ్గరికొచ్చేసరికి ఆ చేతికి ఎముకే ఉండేది కాదు.

మార్తకి కుట్టుమిషనుంది. చిన్నప్పుడు మిషనరీ హాస్టల్లో దొరసానిగారు నేర్పిన పని. పేటలో పెళ్ళి జాకెట్లన్నీ ఆమే కుట్టేది. అందుకని ఒక వాడుక ఏర్పడిపోయింది. పెళ్ళికి ముందురోజు జాకెట్టు కోసం వచ్చినవాళ్ళు దాంతోపాటు గొలుసు కూడా పట్టుకెళ్తారు. రాను రాను అడగడం కూడా మానేశారు. మడతపెట్టిన జాకెట్టు చేతిలో పెట్టినా చెయ్యి వెనక్కి తీసేవాళ్ళు కాదు, చాపే ఉంచేవాళ్ళు.

పెళ్ళిళ్ళు లేని రోజులంటే శ్రమదినాలే. ఈస్టరుకి ముందు ఆ నలభై రోజులూ గుళ్ళో పెళ్ళి చెయ్యరు. అప్పుడు మాత్రం గొలుసు ఇంట్లో ఉండేది. కానీ శ్రమదినాల్లో పద్ధతిగల ఆడవాళ్ళు మెళ్ళో బంగారం వేసుకోరు. వేసుకుంటే ముందుగా నిలదీసేది సంపూర్ణమ్మే. ఉన్నప్పుడు వేసుకోరాదు, వేసుకోదగ్గప్పుడు ఉండదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస.

మార్తకి పెద్ద కోరికలేం లేవు. ఉన్నది ఒకటే. తన గొలుసు తను రోజూ వేసుకోవాలి. పండక్కీ పెళ్ళికీ కాదు. వాకిలి ఊడ్చేప్పుడు, బియ్యం కడిగేప్పుడు, మిషను తొక్కేప్పుడు అది మెళ్ళో ఉండాలి. ఎవరూ చూడక్కర్లేదు. ఇది బయటికి చెబితే నవ్వుతారని ఆమెకి తెలుసు. పెట్టెలో దాచుకుంటాననే ఆడవాళ్ళుంటారు, నలుగురిలో వేసుకుంటాననే వాళ్ళుంటారు, పొయ్యి ఊదేప్పుడు వేసుకుంటానంటే ఎవరన్నా నవ్వుతారు. అందుకే చెప్పలేదు.

గొలుసు తిరిగొచ్చినప్పుడల్లా కొంత పాడయ్యేది. గుండ్ల సందుల్లో నలుగుపిండి ఇరుక్కుని ఉండేది. ఒకసారి ఎవరి పిల్లాడో కొరికిన పంటిగాటుతో వచ్చింది. ఇంకోసారి రెండు గుండ్లు సొట్టపడి వచ్చాయి. ఆ గుండ్లు గట్టివి కావు. పైన ఉల్లిపొర లాంటి బంగారపు రేకు, లోపలంతా లక్క. చూపుకి దండిగా ఉంటాయి, వేలితో నొక్కితే లొంగిపోతాయి. ఇచ్చినవాళ్ళు అడగరు, పుచ్చుకున్నవాళ్ళు చెప్పరు.

జై ఆంధ్ర గొడవలు సద్దుమణిగిన మరుసటేడు, శ్రమదినాలకి ముందు ఆఖరి పెళ్ళి అయిపోయి గొలుసు ఇంటికొచ్చింది. తెల్లారితే శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం. అంటే మార్తకి దొరికింది ఒక్క పగలు. సంపూర్ణమ్మ సమాజం కూటానికి అటు వెళ్ళగానే ఇటు గొలుసు మెళ్ళో వేసుకుంది. వేసుకుని ఊరికే కూర్చున్నా సరిపోయేది, మిషను ముందు కూర్చుంది. రోజూ గొలుసు వేసుకునే మనిషైతే వంగేటప్పుడు దాన్ని జాకెట్టులోకి తోసుకోవడమో వీపు మీదికి వేసుకోవడమో చేస్తుంది, చెయ్యి దానంతటదే చేసేస్తుంది. మార్తకి ఆ అలవాటు ఎక్కడిది? చక్రం చప్పుడు తేడాగా ఉందని పక్కకి వంగి చూసింది. కాలు ఆడుతూనే ఉంది. గొలుసు వెళ్ళి చక్రానికీ తోలు బెల్టుకీ మధ్య పడింది. మెడ కోసుకుపోతుంటే కాలు ఆపింది. అప్పటికే గుండ్లు పటపటా పగిలిపోయాయి. కుడుతున్న తెల్లగుడ్డ మీద లక్క పెంకులు ఎర్రగా రాలాయి.

సంపూర్ణమ్మ వచ్చి చూసింది. మిషను కింద బంగారపు రేకులు చూసింది, కోడలి మెడ మీద నెత్తురు చార కూడా చూసింది.

"ఇప్పుడు ఎస్తేరు పెళ్ళికెట్టాగే?" అంది.

ఎస్తేరు లాజరు కూతురు. లాజరు గుళ్ళో గంట కొట్టే మనిషి. ఈస్టరు వెళ్ళాక ఆ పిల్ల పెళ్ళి, గొలుసు మాట ఎప్పుడో ఇచ్చేసి ఉంది. మార్త చీపురు పట్టుకుని రేకులూ గుండ్లూ ఊడ్చి, ఏరి, గుడ్డలో మూటగట్టింది.

శ్రమదినాల్లో బంగారం పనేంటని ముందు అడ్డంపడ్డది సంపూర్ణమ్మే. ఎస్తేరు పెళ్ళి గుర్తొచ్చి మళ్ళీ తనే బయల్దేరదీసింది. ఇద్దరూ బస్సెక్కి బెజవాడ వెళ్ళారు. వన్‌టౌన్‌లో బసవాచారి కొట్టు ఒక చాపంత ఉంటుంది. ఒక కుంపటి, ఒక ఊదుగొట్టం, ఒక ముసలాయన. ఆయన మూట విప్పి చూసి, ఏమీ అడక్కుండా మూసలో వేసి కరిగించాడు. లక్క కాలి కొట్టంతా పొగ. పొగ పోయాక మిగిలిన ముద్ద చూసి సంపూర్ణమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా. ఇన్నాళ్ళూ మీరు మోసింది సగం లక్కే."

మార్త చేతులకున్న రెండు బంగారు గాజులూ తీసి ముద్ద పక్కన పెట్టింది. కుట్టుకూలి కూడబెట్టి చేయించుకున్నవి.

"అవెందుకు తీశావే" అంది సంపూర్ణమ్మ.

"కలపమని."

ఆచారి రెండూ అరచేతిలో ఆడించాడు. "ఇదంతా కలిపి రెండు రకాలుగా చెయ్యొచ్చమ్మా. మళ్ళీ లక్కపోసి గుండ్లు చేస్తే మునుపటంత పొడుగొస్తుంది. గట్టి గొలుసైతే మెడచుట్టూ వస్తుంది, అంతే. గొంతు కింద గుంట దాటి ఒక్క కడీ కూడా దిగదు."

"గుండ్లే చెయ్యండి" అంది సంపూర్ణమ్మ.

"గట్టిదండి" అంది మార్త.

ఆచారి కళ్ళద్దాలు పైకి జరిపి ఇద్దరినీ చూశాడు. "గొలుసు ఎవరిదమ్మా?"

"నాదేనండి."

"ఎప్పుడెప్పుడు వేసుకుంటావు?"

"రోజూ అండి."

"పడుకునేప్పుడు?"

"అప్పుడు కూడానండి."

"పనేంటి నువ్వు చేసేది?"

"మిషను కుడతానండి."

"మెడ మీద ఆ చార దానిదేనా?"

మార్త తలూపింది. ఆయన గూట్లోంచి డబ్బా తీసి, మచ్చుకి ఉంచుకున్న గొలుసు ముక్కలు చాప మీద పోశాడు. ఆకుల గొలుసు, మెలిక గొలుసు, గోధుమగింజల గొలుసు. సంపూర్ణమ్మ ఒక్కోటీ ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. మార్త అట్లా చూడలేదు. ఒక్కో ముక్కనీ తన పైటచెంగు మీద పెట్టి మెల్లగా ఈడ్చింది. నూలుపోగు లేచిందా, ఆ ముక్కని పక్కన పెట్టేసింది. ఆకులు పోయాయి, మెలిక పోయింది, గోధుమగింజలు కూడా పోయాయి. చివరికి మిగిలింది ఏ పనితనమూ లేకుండా గుండ్రటి కడీలు ఒకదాన్లో ఒకటి దూర్చిన గొలుసు.

"ఏంటే ఇది? గేదెని కట్టేసే గొలుసు" అంది సంపూర్ణమ్మ.

"గేదెకేస్తే తెగదు, ఈవిడకేసినా తెగదు" అన్నాడు ఆచారి. "రోజువారీ గొలుసుకి ఇదే మంచిదమ్మా. నునుపుగా ఉంటుంది. పోతే గీతే కొక్కెం దగ్గరే పోవాలి. ఎంత గట్టి గొలుసుకైనా కొక్కెమే లోకువ."

సంపూర్ణమ్మ విసుక్కుంటూ లేచి, మెట్టు దిగి, వీధిలో తమలపాకుల బుట్ట దించించింది. ఆవిడ బేరంలో పడ్డాక మార్త గొంతు తగ్గించి అడిగింది.

"కొక్కెం లేకుండా కుదరదాండీ?"

"లేకపోతే తీసేదెట్టాగ?"

"తీయనండి."

ఆచారి బుట్ట దగ్గర బేరమాడుతున్న సంపూర్ణమ్మ వైపు చూశాడు. "సరే" అన్నాడు.

గొలుసు తయారయ్యాక వెళ్ళిన రోజు కూడా అట్లాగే, సంపూర్ణమ్మ సోడా తాగడానికి వెళ్ళినప్పుడు పని జరిగిపోయింది. ఆచారి మార్త మెడవెనక ఒక తోలుముక్క అడ్డం పెట్టి, చివరి కడీని పట్టకారుతో నొక్కి మూసి, ఆకురాయితో రెండుసార్లు రుద్దాడు. "ఇది రావాలంటే ఎవరన్నా పట్టకారు పట్టుకునే రావాలి" అన్నాడు.

బస్సు కంకిపాడు దాటాక సంపూర్ణమ్మ చెయ్యి చాపింది.

"ఏదీ, ఇటియ్యి. బరువు చూస్తా."

"రాదత్తా."

"ఏది రాదు?"

"గొలుసు. కొక్కెం లేదు."

సంపూర్ణమ్మ నమ్మలేదు. కోడలి జడ పక్కకి నెట్టి, పేలు చూసినట్టు మెడచుట్టూ వేళ్ళతో వెతికింది. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూసి మళ్ళీ ముందుకి తిరిగాడు.

"తలమీంచి తియ్యి."

"పట్టదు."

"మరి ఎస్తేరు పెళ్ళికి?"

మార్త కిటికీలోంచి చెరుకుబళ్ళు చూస్తూ కూర్చుంది.

"ఆ ముసలోడూ నువ్వూ కలిసి చేశారన్నమాట."

"ఆయన్నేమీ అనమాక అత్తా. నేనే అడిగి చేయించుకున్నా."

ఉయ్యూరులో బస్సు ఆగగానే సంపూర్ణమ్మ కోడలి కోసం చూడకుండా దిగి నడిచింది.

పేటకి తెలియడానికి ఎంతసేపు? మర్నాడే ఎస్తేరు తల్లి జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది.

"ఏందమ్మా, నీ గొలుసు రాదంటగా."

"రాదక్కా."

"మెళ్ళోంచి రాని గొలుసు నేనెక్కడా చూళ్ళా."

"ఇదిగో, ఇదే."

"పెద్దపిల్లకి ఇచ్చావు, దీనికి కాదంటున్నావు. నా కూతుళ్ళలోనే తేడా చేశావు గదే మార్తా. పిల్లని బోసిమెడతో గుళ్ళోకి పంపమంటావా?"

మార్త ఎస్తేరుని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పింది. ఇవ్వాలనే ఉంది. కానీ ఎస్తేరుకి ఇస్తే ఆ తర్వాతి పిల్లకి ఇవ్వాలి, ఆ తర్వాతి పిల్లకీ ఇవ్వాలి, గొలుసు మళ్ళీ జాకెట్టుతోపాటు వెళ్ళిపోతుంది. మధ్యలో ఆగే చోటు లేదు.

పేట దానికి జైలుగొలుసని పేరు పెట్టింది. గుళ్ళో చాప మీద మార్త కూర్చుంటే పక్కవాళ్ళు కాస్త జరిగేవాళ్ళు. శ్రమదినాలు ఇంకా అయిపోలేదు కాబట్టి పాస్టరు అయ్యగారు కూడా అడిగారు, "ఈ రోజుల్లో బంగారమేంటమ్మా?" అని. "రాదండి అయ్యగారూ" అంది. ఆయన గొలుసు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. వీటన్నిటికన్నా కష్టమైంది సంపూర్ణమ్మ తీరు. ఆవిడ తిట్టలేదు. పెళ్ళి కబురు చెప్పడానికి ఎవరన్నా వస్తే "మంచిది" అని ఊరుకునేది. అంతకుమించి చెప్పడానికి ఆవిడ దగ్గర ఏమీ లేకుండా పోయింది.

పెళ్ళి వారంలోకి వచ్చాక ఒక సాయంత్రం ఎస్తేరు తల్లి, లాజరు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. సంపూర్ణమ్మ కబురు పెడితేనే వచ్చారు. సొలొమోను డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఫ్యాక్టరీలో ఫిట్టరు ఆయన. చెరుకుని మిల్లులోకి మోసే పెద్ద గొలుసు తెగితే లింకు ఊడదీసి కొత్తది వేసే పని. ఇంట్లో గోడ మేకుకి ఆయన పట్టకారు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఇన్నాళ్ళూ అందరూ దాన్ని చూస్తూనే ఉన్నారు, ఎవరూ దాని మాట ఎత్తలేదు. సంపూర్ణమ్మ ఎత్తింది.

"ఒరే, ఆ పట్టకారు తీసుకో. దాని మెళ్ళో కడీ విప్పు. పెళ్ళయ్యాక మళ్ళీ నువ్వే నొక్కుదువుగాని."

సొలొమోను తల్లిని చూశాడు, లాజరుని చూశాడు. లాజరు తలొంచుకుని కూర్చున్నాడు. సొలొమోను మేకు మీంచి పట్టకారు తీసి లుంగీకి తుడిచి మార్త వెనక్కి వచ్చి నిలబడ్డాడు. మార్త మిషను దగ్గరే ఉంది. కాలు ఆపింది. వెనక్కి తిరగలేదు. తన జడ తనే పట్టుకుని పక్కకి తీసింది.

"తీస్తే తియ్యి. నేనేమీ అనను. మళ్ళీ వెయ్యమని మాత్రం అడగను" అంది.

మెడవెనక చల్లగా ఇనుము తగిలింది. ఆ మూసిన కడీ ఆయనకి దొరికిందని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఫ్యాక్టరీ ఫిట్టరుకి అదెంత పని, ఒక్క నొక్కు. పాత చార గొలుసు ఒరిపిడికి ఇంకా పూర్తిగా మానలేదు, పట్టకారు దాని మీదే ఆనింది, మంటపుట్టింది. మార్త జడ ఇంకాస్త పక్కకి లాగి పట్టుకుంది. కాసేపటికి ఆ చల్లదనం పోయింది.

"రాదమ్మా" అన్నాడు సొలొమోను.

"మిల్లులో ఏనుగంత గొలుసులు ఊడదీస్తావు, ఇది రాదా?"

"వాటి కింద ఎవరి మెడా ఉండదు గదమ్మా. చెయ్యి జారితే?"

అబద్ధమని అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. లాజరే ముందు లేచాడు. "పదవే, పద" అన్నాడు పెళ్ళాంతో.

ఆవిడ గుమ్మం దాటబోతుంటే మార్త పిలిచింది. "అక్కా, ఎస్తేరుని రేపు పొద్దున ఒకసారి పంపు. జాకెట్టు మళ్ళీ కొలతెయ్యాలి. బోసిమెడతో పంపన్లే."

మర్నాటి నుంచీ మేకు మీద పట్టకారు లేదు. ఏమైందని తల్లి అడిగితే ఫ్యాక్టరీలో పోయిందన్నాడు సొలొమోను.

మార్త ఆ జాకెట్టు పక్కన పెట్టేసి కొత్త గుడ్డతో మొదటినుంచీ కుట్టింది. మెడ పైదాకా మూసి, దొరసాని దగ్గర నేర్చుకున్న లేసు అల్లి గొంతు చుట్టూ వేసింది. కళ్ళు మండేదాకా అల్లింది. పెళ్ళిరోజున తెల్లచీర, ముసుగు, ఆ లేసు మెడతో ఎస్తేరు గుళ్ళోకి వచ్చింది. కొందరు దొరసానిలా ఉందన్నారు. కొందరు గొంతువాపు దాచిపెట్టినట్టుందన్నారు. కొత్త లేసు గుచ్చుకుని ఆ పిల్ల ప్రమాణాలు చెబుతున్నంతసేపూ మెడ గోక్కుంటూనే ఉంది. పెళ్ళయితే అయింది. మార్త కాపురానికొచ్చాక పేటలో ఆ గొలుసు లేని పెళ్ళిఫోటో అది రెండోది.

ఆ తర్వాత ఎవరూ అడగలేదు. కొంతమంది కుట్టుపని వేరేచోట ఇచ్చుకున్నారు, అక్కడ చంకలు బిగించి చెడగొడితే మళ్ళీ వచ్చారు. ఏడాది తిరక్కుండా ఫ్యాక్టరీ గుమాస్తా సంజీవరావుగారి భార్య పొడుగు గొలుసు చేయించుకుంది. సంపూర్ణమ్మ ఆవిడతో స్నేహం చేసి, "గుమాస్తాగారి ఇంట్లో ఉందిగా, ఇప్పిస్తాలే" అనడం మొదలుపెట్టింది. అత్తగారి గొంతు మళ్ళీ మునుపటి గొంతయింది.

మార్త గొలుసు మాత్రం మెళ్ళోనే ఉంది. ఎండాకాలం చెమటకి జారుతూ, చలికాలం పొద్దున్నే చల్లగా తగులుతూ. కొన్నాళ్ళకి అది ఉన్నట్టే మర్చిపోయింది. ఎప్పుడన్నా మిషను మీద వంగినప్పుడు చెయ్యి దానంతటదే వెళ్ళి గొలుసుని మెడకి ఆనించి సర్దేది. కడీల అంచులు అరిగి సబ్బుముక్కలా నునుపెక్కాయి. ఎవరికీ పనిగట్టుకుని చూపించలేదు. చూడ్డానికి అందులో పెద్దగా ఏమీ లేదు కూడా.

అయిదారేళ్ళకి సంపూర్ణమ్మకి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. పొద్దున్నే నీళ్ళు పొయ్యడానికి మార్తే ఎత్తి కూర్చోబెట్టాలి. ఎత్తేటప్పుడు ఆవిడ ఆడే చేతిని కోడలి మెడచుట్టూ వేసేది. చీర జారిపోతుందని, జాకెట్టు చిరుగుతుందని, చివరికి గొలుసే పట్టుకునేది. మనిషి బరువంతా దాని మీదే.

"తెగుద్దేమోనే" అంది మొదటిరోజు.

"తెగదు. పట్టుకో."

తర్వాత అదే అలవాటయింది. ఒకరోజు అట్లా పట్టుకుని కూర్చునే ఉండి, నీళ్ళ చెంబు పక్కకి నెట్టి, వంకరపోయిన నోటితో మెల్లగా అంది.

"నేను పోయాక నన్ను పెట్టెలో పెట్టి, చుట్టూ నిలబడి ఫోటో తీయించుకుంటారుగా. అప్పుడన్నా ఒక్కసారి నా మెళ్ళో ఎయ్యవే."

"రాదత్తా."

సంపూర్ణమ్మ సగం మొహంతో నవ్వింది.

"నా కొడుకు పట్టకారు ఎక్కడ దాచాడో నాకు తెలుసులేవే. ఎప్పట్నుంచో తెలుసు."

"తెలిస్తే తెలిసిందిలే, ఎవరికీ చెప్పమాక" అంది మార్త, నీళ్ళు పోస్తూ.